ఊ కొట్టని మనిషి

ఆమె పోయిందని నాకు చెప్పింది మా వీధిలో పూలమ్మే ఆవిడ. "నకరికల్లు అవతల్నుంచి బస్సెక్కి వచ్చేది చూడు, బళ్ళో మీటింగులప్పుడు నీ పక్కన కూచునేది, ఆమె పోయిందంటమ్మా. పొలం నుంచి వచ్చి మంచినీళ్ళు తాగి పడుకుందంట, మళ్ళీ లేవలేదంట" అంది.

నా నోటి వెంట వచ్చిన మొదటి మాట "అయ్యో" కాదు. "ఎవరు చెప్పారు నీకు? వాళ్ళు చూశారా?" అని అడిగాను. పూలావిడ నన్ను వింతగా చూసింది. ఎవరైనా ఒక కబురు చెబితే ముందు చెప్పినవాళ్ళ మొహం చూడటం, కబురు సంగతి తర్వాత చూడటం, ఈ బుద్ధి నాకు ఆమె అంటించిందే.

కబురు నిజమేనని సాయంత్రానికి తెలిసింది. అప్పుడు ఏడుపొచ్చింది.

నేను ఆమెను మొదట చూసింది నరసరావుపేటలో మా వాడు చదివే ప్రైవేటు బడిలో, ప్రిన్సిపాల్ మేడం గది బయట బెంచీ మీద. మా సాత్విక్ అప్పుడు ఒకటో తరగతి. మాటలు తక్కువ. ఎప్పుడూ లోపల్లోపల ఏదో కూనిరాగం తీస్తుండేవాడు. బెల్లు మోగితే రెండు చెవులూ మూసుకుని బల్ల కిందికి దూరేవాడు. గుంటూరులో డాక్టరు ఆటిజం అని చెప్పాడు. ఆ మాటకు అర్థం ఇంట్లో పెద్దవాళ్ళకు చెప్పడమే ఒక యాతన అయితే, బడివాళ్ళకు చెప్పడం మరో యాతన. మిగతా తల్లిదండ్రులకు మీటింగంటే ఏడాదికి ఒకటో రెండో. మాకు మాత్రం వాళ్ళు తలుచుకున్నప్పుడల్లా. ఫోన్లో బడి నంబరు కనపడితే చాలు, చేతిలో ఉన్న గరిటె చేతిలోనే ఉండిపోయేది.

ఆ రోజు లోపల వాళ్ళు చెప్పిందంతా విని బయటికొచ్చి కూర్చుని కళ్ళు తుడుచుకుంటున్నాను. పక్కన ఒకామె ఉంది. యాభైకి దగ్గర పడిన మనిషి. వెడల్పాటి కళ్ళజోడు, మెడలో నల్లదారానికి చిన్న సిలువ, ఒళ్ళో గుడ్డసంచి. ఆ సంచిని ఎవరో లాక్కుపోతారన్నట్టు రెండు చేతులతో పట్టుకుని ఉంది. ఆమెకు ఆనుకుని కూతురు కరుణ. ఒళ్ళు ఎదిగినంత వేగంగా బుద్ధి ఎదగని పిల్ల. జడకున్న రిబ్బన్ను వేలికి చుట్టుకోవడం, విప్పడం, అదే పనిగా చేస్తోంది.

ఆమె నా పేరు అడగలేదు. "లోపల ఏమన్నావు?" అంది.

"నేనేమీ అనలేదండీ. వాళ్ళు చెప్పారు, విన్నాను."

"ఊ కొట్టావా?"

నాకు అర్థం కాలేదు.

"వాళ్ళు చెబుతుంటే మధ్యలో ఊ, ఊ అన్నావా లేదా?"

"అనే ఉంటానండీ."

"అయిపోయింది" అంది, పిల్లాడు చెరువులో పడ్డాడని చెప్పినంత బరువుగా. "ఊ కొట్టమాక అమ్మాయ్. విన్నామని మనం ఊ కొడతాం. ఒప్పుకున్నామని వాళ్ళు అనుకుంటారు. అనుకోవటం కాదు, అట్టా అనుకోవాలనే చెబుతారు."

ఈమెకేదో పిచ్చి అనుకున్నాను. మర్నాడు బడి నుంచి ఫోన్. "నిన్న మీరు ఒప్పుకున్నారు కదమ్మా, రేపటి నుంచి బాబును మధ్యాహ్నం వరకే ఉంచుకుంటాం. భోజనం వేళకు వచ్చి తీసుకెళ్ళండి."

ఆమెతో నా స్నేహం అక్కడ మొదలైంది. స్నేహం అనొచ్చో లేదో ఇప్పటికీ తెలియదు.

ఆమె మీటింగును మీటింగనేది కాదు, వాయిదా అనేది. "రేపు మా పిల్లకు వాయిదా ఉంది" అని ఫోన్ చేసేది. లోపలికి వెళ్ళగానే కుర్చీని కొంచెం జరిపి, గదిలో ఉన్న అందరి మొహాలూ కనపడేట్టు కూర్చునేది. కొత్త మొహం ఉంటే "ఈయనెవరు?" అని అడిగి, జవాబు వచ్చేదాకా ఇంకో మాట మాట్లాడనిచ్చేది కాదు. టీ ఇస్తే తాగేది కాదు. "వాళ్ళ టీ తాగినాక మొహమాటం వచ్చిద్ది, గొంతు లేవదు" అనేది. పొగిడితే మరీ భయం. ఒకసారి మేడం "కరుణ చాలా బంగారు తల్లండీ, ఎవరి జోలికీ పోదు" అంది. బయటికొచ్చాక ఈమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "విన్నావా? బంగారం అంటన్నారు. సాగనంపే ముందే అట్టా అంటారు" అంది.

ఇక ఆ ఊ సంగతి. ఎదుటి మనిషి ఊ అనకపోతే తెలుగులో మాట్లాడటం ఎంత కష్టమో ఆమె ముందు కూర్చున్నవాళ్ళకే తెలుసు. మేడం ఒక మాట చెప్పి ఆగేది. ఈమె రెప్ప వెయ్యకుండా చూస్తూ ఉండేది. మేడం అదే మాటను ఇంకో రకంగా చెప్పేది. మళ్ళీ మౌనం. అప్పుడు మేడం తనకు తెలియకుండానే అసలు సంగతి బయటపెట్టేది. "అంటే... మిగతా పేరెంట్స్ అడుగుతున్నారండీ, ఇలాంటి పిల్లలు క్లాసులో ఎందుకని." ఆ మాట రాగానే ఈమె కళ్ళజోడు సర్దుకుని, "ఆ, ఇప్పుడు చెప్పండి" అనేది.

ఇదంతా ఎక్కడ నేర్చావక్కా అని ఒకసారి బస్టాండులో అడిగాను. బస్సు వచ్చే వైపే చూస్తూ చెప్పింది.

"మా ఆయన పోయి నెల కాలా. పెద్దమనుషుల్లో కూచోబెట్టారు నన్ను. కాలవ కింద చేను మీ మరిది చూసుకుంటాడులేమ్మా, ఆడమనిషివి నీకెందుకు ఆ తిప్పలు అన్నారు. ఏడుస్తా ఏడుస్తా ఊ అన్నా." సంచి దగ్గరికి లాక్కుని, "ఇంకా చూసుకుంటానే ఉన్నాడు" అంది.

తర్వాత నవ్వింది కూడా. "ఇప్పుడు నేను నమ్మేది దేవుణ్ణి ఒక్కణ్ణే. ఆయన నన్ను ఇంతవరకూ వాయిదాకి పిలవలా" అంది.

మా ఆయనకు ఆమె నచ్చలేదు. పురుగుమందుల కొట్టులో పనిచేసే మనిషి. రోజూ పదిమందితో మాట్లాడతాడు, పది రకాల మాటలు ఇంటికి తెస్తాడు. "ఊరికే ఎవరొస్తారే మన పిల్లోడి కోసం? ఆమెకేదో లాభం ఉంది. వినుకొండ రోడ్డులో కొత్తగా పెట్టిన బడి వాళ్ళ మనిషంట. ఇక్కడ గొడవలు పెట్టి పిల్లల్ని అక్కడ చేర్పిచ్చిద్దంట" అన్నాడు. ఆ రాత్రి నుంచి నా మనసులోనూ ముల్లు దిగింది. ఆమె మాట్లాడుతుంటే ఊ కొట్టడం మానేశాను. ఒకే బెంచీ మీద ఇద్దరం కూర్చుని, ఆమె చెబుతుంటే నేను, నేను చెబుతుంటే ఆమె, ఎవరూ ఊ అనకుండా ఒకరినొకరం చూసుకునేవాళ్ళం. చివరికి ఉండబట్టలేక అడిగేశాను. వినుకొండ రోడ్డు బడి మాట నిజమేనా అని.

కోపం వస్తుందనుకున్నాను. ఆమె మొహం విచ్చుకుంది. "ఇప్పుడు దార్లో పడ్డావు. నన్ను కూడా నమ్మమాక. ఆ బడికి పోయి నువ్వే అడిగిరా" అంది. వెళ్ళాను. ఆమె పేరు కూడా వాళ్ళకు తెలియదు. ఆ సంగతి చెబితే, "తెలీదన్నది ఎవరు? ఆఫీసులో వాళ్ళా, ఆయమ్మా? ఆయమ్మని అడిగితే నిజం తెలిసేది" అంది. తన మీద అనుమానంలో కూడా నాకు తోడొచ్చే మనిషి.

ఆ ఏడు వేసవి సెలవులకు ముందు మళ్ళీ పిలిచారు. ఈసారి గొంతులో మర్యాద ఎక్కువగా ఉంది. మా ఆయనకు కొట్టు వదిలి రావడం కుదరలేదు. నేను ఆమెకు ఫోన్ చేశాను. లోపల మేడంతో పాటు క్లాసు టీచరు, బడి యజమాని కరస్పాండెంటు గారు, ఆయన పక్కన ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒక పెద్దమనిషి ఉన్నారు. "ఈవిడెవరు?" అన్నారు కరస్పాండెంటు గారు. "పిల్లోడి పెద్దమ్మని" అని ఆమె నాకంటే ముందే కుర్చీ లాక్కుంది.

ఇస్త్రీ చొక్కా ఆయన్ను చూపించి మేడం, "సార్ పిల్లల మానసిక నిపుణులు. మన సాత్విక్‌ని గమనించారు. కొన్నాళ్ళు ఇంటి దగ్గరే ఉంచితే బాబుకే మంచిదని సార్ అభిప్రాయం" అంది. ఆయన గొంతు సవరించుకుని, బాబు వల్ల తోటి పిల్లలకు కలిగే ఇబ్బంది గురించి, బాబు మెదడు గురించి, విశ్రాంతి గురించి చాలాసేపు చెప్పాడు. మధ్యమధ్య ఇంగ్లీషు. నా గొంతు దాకా ఊ వచ్చింది. పెదవి కొరికి ఆపుకున్నాను.

ఆమె అంతా విని, "అయ్యా, మా పిల్లోడు ఏం రంగు బ్యాగు తెచ్చుకుంటాడు?" అంది.

"అదెందుకమ్మా ఇప్పుడు?"

"గమనించానన్నారుగా. పోనీ అది వదిలెయ్యండి. బెల్లు కొడితే ఏం చేస్తాడు?"

ఆయన కరస్పాండెంటు గారి వంక చూశాడు. "అరుస్తాడు. పక్క పిల్లల్ని కొడతాడు" అన్నాడు.

ఆమె క్లాసు టీచరు వైపు తిరిగింది. ఆ అమ్మాయి అప్పటిదాకా తల ఎత్తలేదు. "నువ్వు చెప్పమ్మా. రోజూ చూసేదానివి. కొడతాడా?"

"లేదండీ" అంది ఆ అమ్మాయి నేల చూస్తూ. "బల్ల కింద కూర్చుంటాడు. ఎవరినీ ఎప్పుడూ కొట్టలేదు."

"ఏ ఊళ్ళో వైద్యం చేస్తారు సారూ మీరు? మా చుట్టాల పిల్ల ఉంది, తీసుకొస్తా" అని ఆమె మళ్ళీ ఆయన వైపు తిరిగింది. ఆయన మోగని ఫోన్ చెవిన పెట్టుకుని బయటికి వెళ్ళాడు. తిరిగి రాలేదు. ఆయన కరస్పాండెంటు గారి బావమరిది అనీ, బడి వ్యాన్ల వ్యవహారం చూస్తాడనీ మాకు తర్వాత తెలిసింది.

సాత్విక్ బడిలోనే ఉన్నాడు. వెనక తలుపు పక్కన చోటిచ్చారు. బెల్లుకు కొంచెం ముందే టీచరు సైగ చేస్తే బయటికి వెళ్ళి నిలబడటం అలవాటు చేసుకున్నాడు. మధ్యాహ్నం తీసుకెళ్ళాల్సిన పని పోయింది. ఈ గొడవ పదిమంది నోళ్ళలో పడిందన్న భయమో ఏమో, మరుసటి ఏడు బడివాళ్ళు ఇలాంటి పిల్లల కోసం ఒక స్పెషల్ టీచర్‌ను పెట్టారు. రాజుపాలెం నుంచి వచ్చే అమ్మాయి. పాతికేళ్ళు కూడా ఉండవు. ఇక్కడితో ఆపితే కథ ఆమె గెలిచినట్టు ఉంటుంది. కానీ నాకు ఆమె ఎక్కువగా గుర్తుండేది ఆ తర్వాతి సంగతి వల్లే.

ఆ అమ్మాయి వచ్చాక సాత్విక్ నాతో "నీళ్ళు" అన్నాడు. వేలితో చూపించకుండా, నోటితో. నేను ఆ పిల్ల కాళ్ళకు దండం పెట్టేదాన్నే. ఆమె మాత్రం కళ్ళు చిన్నవి చేసి చూసేది. "పాఠానికి తలుపెందుకు వేసుద్ది? ఫోన్లో ఫొటోలు ఎందుకు తీసుద్ది? ఎందుకంత నవ్వుద్ది?" బయటి చప్పుళ్ళు పడని పిల్లలున్నారని తలుపు వేస్తుందక్కా అని చెప్పినా వినలేదు.

ఒక శనివారం కరుణ ఇంటికి వచ్చేసరికి గోళ్ళు కత్తిరించి, ఎర్రరంగు వేసి ఉన్నాయి. సోమవారం పొద్దున్నే ఆమె బడికొచ్చింది. వరండాలో, పిల్లలందరి ముందు, ఆ టీచరమ్మను నిలదీసింది. "నా పిల్ల ఒంటి మీద చెయ్యెయ్యటానికి నువ్వెవరు? తలుపులేసుకుని ఇంకేమేం చేస్తన్నావు?"

ఆ అమ్మాయి మొహం తెల్లబోయింది. "కరుణ అడిగిందండీ, అందుకే వేశాను" అంది.

"కరుణ అడగదు. దానికి అడగటం రాదు. పుట్టినకాడి నుంచి అది నన్ను ఒక్కటి అడగలా."

టీచరమ్మ బ్యాగు తీసుకుని వెళ్ళిపోయింది. మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. సాత్విక్ ఆ గది తలుపు దగ్గర నిలబడి కూనిరాగం తీస్తుంటే ఆమె మీద నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఆమె ఫోన్ చేస్తే ఎత్తడం మానేశాను.

వారమో పది రోజులో గడిచాక ఆమె మా ఇంటికే వచ్చింది. అంతకుముందెప్పుడూ రాలేదు. గుమ్మంలోనే నిలబడి, "పిల్ల అడిగింది" అంది.

"ఏం అడిగింది?"

"టీచర్ కావాలంది. ఎవరు చెప్పమన్నారే నీకు అన్నా. ఎవురూ లేదు, నాకు కావాలంది. తిప్పి తిప్పి అడిగా. అదే మాట." ఆమె కళ్ళజోడు తీసి చీరకొంగుతో తుడవడం మొదలుపెట్టింది, తుడుస్తూనే ఉంది. "నా బిడ్డకి అడగటం నేర్పిందమ్మా ఆ పిల్ల. నేను వెళ్ళగొట్టా."

ఆ మధ్యాహ్నమే ఇద్దరం రాజుపాలెం బస్సెక్కాం. టీచరమ్మ వాళ్ళమ్మ మమ్మల్ని వాకిట్లోనే ఆపేసింది. "ఎందుకొచ్చారు? ఇంకేం మిగిలిందని?" అని అడిగింది. అనుమానంగా చూడటం ఎలా ఉంటుందో ఎదుట నిలబడితే తెలిసింది. కాసేపటికి ఆ అమ్మాయే బయటికొచ్చింది.

"తప్పు నాదే" అంది ఆమె. బతిమాలినట్టు లేదు, చేను గట్టు ఎక్కడుందో చెప్పినట్టు ఉంది. "నా కోసం రావద్దు. పిల్ల అడుగుతోంది, దాని కోసం రా."

"రేపు మళ్ళీ అనుమానించరని ఏంటండీ నమ్మకం?"

"అనుమానిస్తా" అంది ఆమె వెంటనే. "అది నా చేతుల్లో లేదమ్మా. అబద్ధం చెప్పను. నువ్వు తలుపు తీసి పాఠం చెప్పు, నేను బయట కూచుంటా. నా అనుమానం తీరేదాకా కూచుంటా."

ఆ అమ్మాయి వాళ్ళమ్మను పక్కకు జరిపి ముందుకొచ్చింది. "బయట వద్దండీ. తలుపు తీస్తే పిల్లలకు చప్పుడు. లోపలే కూర్చోండి" అంది.

అలా ఆమె ఆ గదిలో ఒక మూల చాప మీద చేరింది. మొదట్లో టీచరమ్మ చేతులనే చూసేదట. తర్వాత పిల్లల చేతులను చూడటం మొదలుపెట్టింది. తర్వాత రంగుకాగితాలు కత్తిరించి ఇచ్చేది. ఒకరోజు నేను వెళ్ళేసరికి చాప ఖాళీగా ఉంది. తలుపు వేసి ఉంది. లోపల కరుణ నవ్వు వినపడుతోంది. కంగారుపడి ఫోన్ చేశాను. "పత్తి తీయటానికి కూలోళ్ళు దొరికారమ్మాయ్. మిగిలిన మెట్ట చేలో ఉన్నా" అంది. ఆమె నోట ఒకరిని నమ్మానన్న మాట అంతకు మించి నేను వినలేదు.

కరుణ బడి అయిపోయాక మేం కలవడం తగ్గింది. మా ఇద్దరి భయం మాత్రం ఒకటే. మన తర్వాత ఈ పిల్లలు ఎవరి గుమ్మంలో కూర్చుంటారు? ఇద్దరిలో ఎవరమూ ఆ మాట పైకి అనలేదు.

అందుకే ఆమె పోయిందని రూఢి అయ్యాక నా మనసంతా కరుణ మీదికే పోయింది. వినుకొండ దగ్గర మేనమామ ఇంట్లో ఉందని తెలిసింది. ఫోన్ చెయ్యకుండా, మా సాత్విక్‌ను వెంటబెట్టుకుని, సరిగ్గా భోజనం వేళకు వెళ్ళాను.

వసారాలో మిరపకాయల రాశి. చుట్టూ కూర్చుని నలుగురు ఆడవాళ్ళు తొడిమలు తీస్తున్నారు. వాళ్ళలో కరుణ. పనికి పెట్టుకున్నారన్నమాట అనుకున్నాను. మేనమామ భార్య, సన్నగా ఎండిన మనిషి, మమ్మల్ని లోపలికి పిలిచి కంచాలు పెట్టింది. నేను అన్నం కలుపుతూ కరుణ కంచం చూశాను. మా కూరే దానికీ వేసిందా? పెరుగు వేసిందా? పిల్ల మోచేతుల మీద గుర్తులేమైనా ఉన్నాయా? కరుణ చేతులు కడుక్కొచ్చి, "అత్తా, ఇంకొంచెం" అని కంచం ముందుకు తోసింది. అత్త వేసింది.

గరిటె గిన్నెలో పెట్టి అత్త నా వైపు తిరిగింది.

"నీ చూపు నాకేం కొత్త కాదులేమ్మా. మా ఆడబిడ్డ పోయేముందు రెండేళ్ళు ఇట్టాగే చేసింది. పిల్లని ఇక్కడ దించి బస్సెక్కేది. పోయిందిలే అనుకుంటే సగం దారిలో దిగి మళ్ళీ వచ్చేది. అన్నం వేళకొచ్చేది, నీళ్ళు పోసే వేళకొచ్చేది. గిన్నెల మూతలు తీసి చూసేది. ఒకసారి నాకు ఒళ్ళు మండి, అంత అనుమానమైతే తీసుకుపోవే నీ కూతుర్ని అన్నా." కొంగుతో నుదురు తుడుచుకుంది. "నవ్వింది. అనుమానం కాదు వదినా, నీకు అలవాటు చేస్తన్నా అంది. నేను లేకపోయినా, ఏ పూటన్నా నేను వచ్చి నిలబడతానేమోనని నీకు అనిపిస్తా ఉండాల అంది."

మా సాత్విక్ తింటూ కూనిరాగం తీస్తున్నాడు.

"అనిపిచ్చిద్దా?" అని అడిగాను.

"గేటు చప్పుడైతే చాలు" అంది.

కరుణ అత్త మాటలతో నాకు పూర్తిగా నమ్మకం కుదిరిందని చెప్పలేను. మిరపకాయల తొడిమలు తీసి కరుణ చేతులు మండుతున్నాయేమో అడిగాను. మండితే అత్తకు చెబుతానని, చెబితే నూనె రాస్తుందని కరుణ చెప్పింది. వేరేగా మళ్ళీ అడిగాను. అదే చెప్పింది.

బయల్దేరుతుంటే కరుణ అత్త గేటు దాకా వచ్చింది. "మళ్ళీ ఎప్పుడొస్తావమ్మా?" అంది.

నేను సాత్విక్ చెయ్యి పట్టుకుని, "చెప్పనండీ" అన్నాను.

ఆమెకు కోపం రాలేదు. గేటు గడియ పెడుతూ, "అవును, చెప్పమాక" అంది.